డేటాబేసు అనుసంధానం తెగిపోవడం

డేటాబేసు అనుసంధానం తెగిపోవడం అంటే ఒక క్లయింటు ప్రోగ్రాముకు, డేటాబేసు సర్వరుకు మధ్య నడుస్తున్న సంభాషణ క్లయింటు కోరకుండానే మధ్యలో ముగిసిపోవడం. బ్యాంకులు, మీసేవ కేంద్రాలు, రిజిస్ట్రేషను కార్యాలయాలు, చౌక ధరల దుకాణాలు మొదలైన చోట్ల "సర్వరు డౌన్" అని వినిపించే మాట వెనుక ఉండే కారణాలలో ఇది ఒకటి. అయితే ఈ రెండూ ఒకటి కావు. సర్వరు నిక్షేపంగా పనిచేస్తూ ఉండగానే అనుసంధానం తెగిపోవచ్చును. ఈ దోషాన్ని పరిశోధించేటప్పుడు రెండు విషయాలు తేల్చవలసి ఉంటుంది. తెంచినది సర్వరా, క్లయింటా, లేక ఆ రెండింటి నడుమ ఉన్న పరికరమా అన్నది మొదటిది. తెగిన క్షణంలో జరుగుతూ ఉన్న లావాదేవీ పూర్తయిందా లేదా అన్నది రెండవది. ఎక్కువమంది మొదటిదానితోనే ఆగిపోతారు గాని, ప్రజలకు నష్టం కలిగేది రెండవదాని వలననే.

అనుసంధానం స్వరూపం

మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, ఒరాకిల్, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ వంటి డేటాబేసులు సాధారణంగా టీసీపీ అనే నియమావళి ద్వారా క్లయింటులతో మాట్లాడతాయి. మైఎస్‌క్యూఎల్ 3306, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 5432, ఒరాకిల్ 1521, ఎస్‌క్యూఎల్ సర్వర్ 1433 సంఖ్య గల పోర్టులను వాడడం ఆనవాయితీ. టీసీపీ 1981లో ఆర్‌ఎఫ్‌సీ 793 అనే పత్రం ద్వారా నిర్వచించబడింది. 2022లో దాని స్థానంలో ఆర్‌ఎఫ్‌సీ 9293 వచ్చింది.

అనుసంధానం అనగానే రెండు కంప్యూటర్ల మధ్య కట్టిన తాడు వంటిది మనసులో మెదులుతుంది. నిజానికి అటువంటి తాడేమీ లేదు. అవతలివాడు ఉన్నాడని, సంభాషణ ఇంతవరకు వచ్చిందని రెండు కొసలలోని కంప్యూటర్లు తమ జ్ఞాపకంలో రాసి పెట్టుకుంటాయి; ఆ రెండు జ్ఞాపకాలే అనుసంధానం. ఇద్దరూ ఏమీ మాట్లాడకపోతే తీగ మీద ఒక్క ప్యాకెట్టు కూడా నడవదు. అందువలన ఒక కొస తన జ్ఞాపకాన్ని చెరిపేసుకున్నా, రెండవ కొసకు ఆ సంగతి వెంటనే తెలియకపోవచ్చును.

టీసీపీలో సంభాషణ ముగిసే తీరులు మూడు. మొదటిది మర్యాదగా సెలవు తీసుకోవడం. ఒక పక్షం "ఫిన్" అనే గుర్తు గల ప్యాకెట్టును పంపుతుంది, రెండవ పక్షం దానిని అంగీకరిస్తుంది. రెండవది తలుపు మొహాన మూయడం. "ఆర్‌ఎస్‌టీ" లేదా రీసెట్ అనే ప్యాకెట్టు వచ్చిందంటే అవతల అటువంటి సంభాషణే లేదని అర్థం. మూడవది మౌనం. పంపిన ప్యాకెట్టుకు జవాబు రాదు, తిరస్కారమూ రాదు. ఈ మూడింటిలో ఏది జరిగిందో తెలిస్తే కారణాన్ని సగం పట్టుకున్నట్లే.

మండల కేంద్రం నుండి డేటాబేసు వరకు

అనకాపల్లి జిల్లా నర్సీపట్నం రెవెన్యూ డివిజనులోని మాకవరపాలెం వంటి మండల కేంద్రాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చును. (ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడేవరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది.) ఇక్కడి ఒక కార్యాలయంలోని కంప్యూటరులోగాని, రేషను డీలరు చేతిలోని ఈ-పాస్ యంత్రంలోగాని ఒక మీట నొక్కినప్పుడు ఆ కోరిక నేరుగా డేటాబేసుకు వెళ్ళదు. ముందుగా సెల్ టవరు ద్వారా లేదా ఆప్టికల్ ఫైబరు ద్వారా దూరాన ఉన్న అనువర్తన సర్వరును చేరుతుంది. ఆ అనువర్తన సర్వరు తన వద్ద ముందే తెరచి ఉంచుకున్న అనుసంధానాలలో ఒకదానిని వాడుకుని డేటాబేసును అడుగుతుంది. అంటే ప్రయాణంలో రెండు అంచెలున్నాయి. డేటాబేసు దృష్టిలో క్లయింటు అంటే మాకవరపాలెంలోని యంత్రం కాదు, అనువర్తన సర్వరు.

ఈ తేడా తెలియకపోవడం వలన చాలా ఫిర్యాదులు దారి తప్పుతాయి. మొదటి అంచె తెగితే ఒక ఊరిలోనో, ఒక టవరు పరిధిలోనో మాత్రమే పని ఆగుతుంది. రెండవ అంచె తెగితే రాష్ట్రమంతటా ఒకేసారి ఆగుతుంది. పక్క మండలంలో పని జరుగుతున్నదా అని ఒక ఫోను చేసి కనుక్కోవడం ఖరీదైన పరికరాలు ఇవ్వలేని సమాచారాన్ని ఒక్కొక్కసారి ఇస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ దూరం ఎప్పుడూ ఇంత లేదు. రిజిస్ట్రేషను శాఖ చేపట్టిన కార్డ్ పథకం 1998 నవంబరు 4న 214 సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలలో ప్రారంభమైనప్పుడు డేటాబేసు సర్వరు ఆ కార్యాలయంలోనే ఉండేది. అనుసంధానం ఆ భవనం గోడలు దాటేది కాదు. తెగితే కారణం కరెంటు పోవడమో, ఊడిపోయిన కేబులో అయ్యేది. తరువాతి కాలంలో సమాచారాన్ని కేంద్రీకరించడం వలన ఒకచోట నమోదైనది అన్ని చోట్లా కనబడే సౌకర్యం కలిగింది, దానితోపాటు దారి కూడా పొడవైంది. రాష్ట్ర రాజధాని నుండి జిల్లా, మండల కేంద్రాల వరకు నెట్‌వర్కు విస్తరించే పథకానికి కేంద్ర ప్రభుత్వం 2005లో ఆమోదం తెలిపింది. రాష్ట్రంలోని చౌక ధరల దుకాణాలలో ఈ-పాస్ యంత్రాలు 2015లో వచ్చాయి. విద్యుత్ స్తంభాల మీదుగా తీగలు లాగిన ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. స్తంభాల మీదుగా లాగడం వలన పని చవకగా, వేగంగా జరుగుతుంది. గాలివానకు స్తంభం ఒరిగితే కరెంటుతో పాటు నెట్‌వర్కు కూడా పోవడం దాని మరో ముఖం.

మౌనంగా పోయే అనుసంధానాలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు ఆ ప్రాంతంలో విద్యుత్తు, టెలిఫోను, సెల్ టవర్లు పెద్ద ఎత్తున దెబ్బతిన్నాయి. అటువంటి సందర్భంలో క్లయింటు కంప్యూటరుకు సెలవు తీసుకునే వ్యవధి ఉండదు. ఫిన్ రాదు, రీసెట్ రాదు. దూరాన ఉన్న సర్వరు మాత్రం ఆ క్లయింటు ఇంకా ఆలోచిస్తున్నాడని అనుకుని ఎదురుచూస్తూనే ఉంటుంది. దీనిని సగం తెరచిన అనుసంధానం అంటారు. క్లయింటు అంతకుముందు ఏదైనా వరుసకు తాళం వేసి ఉంటే ఆ తాళం కూడా అలాగే ఉండిపోతుంది, దానికోసం ఇతరులు వేచి ఉండవలసి వస్తుంది.

ఇటువంటి మృత సంభాషణలను గుర్తించడానికి టీసీపీలో "కీప్ అలైవ్" అనే ఏర్పాటు ఉన్నది. చాలాసేపు మాటలు లేనప్పుడు ఒక చిన్న ప్యాకెట్టు పంపి అవతలివాడు ఉన్నాడో లేడో కనుక్కోవడం దీని పని. 1989 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1122 ప్రకారం ఈ పలకరింపుల మధ్య ఎడం అప్రమేయంగా రెండు గంటలకు తక్కువ ఉండరాదు. లినక్సులో ఈనాటికీ అప్రమేయ విలువ 7200 సెకన్లు. ఆపైన 75 సెకన్లకొకసారి చొప్పున 9 సార్లు ప్రయత్నించి అప్పుడు మాత్రమే అవతలివాడు లేడని నిర్ణయిస్తుంది. అంటే పోయిన క్లయింటును గుర్తించడానికి 2 గంటల 11 నిమిషాల 15 సెకన్లు పడుతుంది. ఇది కూడా ఆ ప్రోగ్రాము కీప్ అలైవ్‌ను కోరినప్పుడు మాత్రమే. ఒకవేళ సర్వరు అప్పటికే ఏదైనా ప్యాకెట్టు పంపి జవాబు కోసం చూస్తూ ఉంటే లెక్క వేరు. లినక్సు ఆ ప్యాకెట్టును 15 సార్లు తిరిగి పంపి, కనీసం సుమారు 15 నిమిషాల తరువాత ఆశ వదులుకుంటుంది.

మౌనానికి తుపానులు అవసరం లేదు. దారిలో ఉండే ఫైర్‌వాలు, రౌటరు, లోడ్ బ్యాలెన్సరు వంటి పరికరాలు తమ గుండా పోతున్న ప్రతి సంభాషణను ఒక పట్టికలో రాసుకుంటాయి. ఎక్కువసేపు కదలిక లేని వాటిని పట్టికనుండి తీసివేస్తాయి. ఒకే చిరునామాను అనేకమందికి పంచే నాట్ పరికరాలు, స్థిరపడిన టీసీపీ సంభాషణను కనీసం 2 గంటల 4 నిమిషాలపాటు గుర్తుంచుకోవాలని 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5382 సూచించింది. ఆ సంఖ్య ఎందుకో పైన చెప్పిన రెండు గంటల విలువను చూస్తే తెలుస్తుంది. మొదటి పలకరింపు వచ్చేవరకైనా ఆగమని. ఆచరణలో ఈ సూచనను పాటించనివారే ఎక్కువ. అమెజాన్ క్లౌడులోని నాట్ గేట్‌వే 350 సెకన్ల మౌనం తరువాత సంభాషణను మరచిపోతుంది. మైక్రోసాఫ్ట్ అజ్యూర్ లోడ్ బ్యాలెన్సరుకు అప్రమేయ గడువు 4 నిమిషాలు. ఏడు నిమిషాలు నడిచే నెలవారీ నివేదిక ప్రతిసారీ విఫలమై, రెండు నిమిషాల నివేదిక ఎప్పుడూ విఫలం కాకపోతే మొదట అనుమానించవలసినది డేటాబేసును కాదు, ఈ మధ్యవర్తులను. సర్వరు లెక్క కట్టుకుంటున్న ఆ ఏడు నిమిషాలలో తీగ మీద ఏమీ నడవదు కాబట్టి, మధ్యవర్తి కంటికి అది చచ్చిన సంభాషణగానే కనబడుతుంది.

సర్వరే తెంచినప్పుడు

డేటాబేసు సర్వరు ఒక క్లయింటును వదిలించుకోవడానికి తనవైన కారణాలు ఉంటాయి. వాటిలో మొదటిది ఖాళీ గడువు. మైఎస్‌క్యూఎల్‌లో "వెయిట్ టైమౌట్" అనే అమరికకు అప్రమేయ విలువ 28,800 సెకన్లు, అంటే 8 గంటలు. దీని ప్రభావం పగటి పూట పనిచేసే కార్యాలయాలలో విచిత్రంగా కనబడుతుంది. సాయంత్రం అయిదున్నరకు అందరూ ఇళ్ళకు వెళ్ళిపోతారు. అనువర్తన సర్వరు తెరచి ఉంచిన అనుసంధానాలన్నీ ఖాళీగా ఉండి, అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర ప్రాంతంలో గడువు తీరి మూతబడతాయి. అనువర్తనానికి ఈ సంగతి తెలియదు. మరునాడు ఉదయం పది గంటలకు వచ్చిన మొదటి వ్యక్తి పని విఫలమవుతుంది. మళ్ళీ నొక్కితే కొత్త అనుసంధానం తెరుచుకుని పని జరుగుతుంది. "పొద్దున్నే మొదటిసారి రాదు, రెండవసారి వస్తుంది" అన్న ఫిర్యాదు వినబడితే ఈ 8 గంటల గడువును తప్పక చూడాలి.

ఇటువంటి సందర్భంలో మైఎస్‌క్యూఎల్ క్లయింటు ఇచ్చే 2006 సంఖ్య గల దోషానికి "సర్వరు వెళ్ళిపోయింది" అని అర్థం. క్వెరీ నడుస్తూ ఉండగా మధ్యలో తెగితే 2013 వస్తుంది. ఈ రెండు సంఖ్యల తేడా ముఖ్యమైనది. సాధారణంగా 2006 అంటే కోరిక పంపబోయే సమయానికే అవతల ఎవరూ లేరని. 2013 అంటే కోరిక వెళ్ళింది, జవాబు పూర్తిగా రాలేదని. చాలాకాలం పాటు గడువు తీరి మూసినా, మరే కారణం వలన మూసినా క్లయింటుకు ఒకే సందేశం అందేది. 8.0.24 సంచిక నుండి, నిష్క్రియత వలన మూస్తున్నప్పుడు సర్వరు ఆ కారణాన్ని 4031 అనే దోష సంఖ్యతో ముందుగానే రాసి పెట్టి పోతుంది. ఇంత చిన్న మర్యాద రావడానికి ఇన్నేళ్ళు పట్టడం ఆశ్చర్యమే.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఖాళీగా ఉన్న అనుసంధానానికి అప్రమేయంగా గడువు లేదు. లావాదేవీ ప్రారంభించి ఏమీ చేయకుండా కూర్చున్న క్లయింటును పంపివేసే అమరిక 2016లో వెలువడిన 9.6 సంచికలోను, మామూలుగా ఖాళీగా ఉన్నవారికి గడువు విధించే అమరిక 2021లో వెలువడిన 14వ సంచికలోను చేరాయి. రెండూ నిర్వాహకుడు కోరితేనే పనిచేస్తాయి.

రెండవ కారణం ప్యాకెట్టు పరిమాణం. మైఎస్‌క్యూఎల్ సర్వరు ఒక్క కోరికలో అనుమతించే గరిష్ఠ పరిమాణం 8.0 సంచికలో అప్రమేయంగా 64 మెగాబైట్లు, 5.7లో 4 మెగాబైట్లు. దీనిని 1 గిగాబైటు వరకు పెంచుకోవచ్చును. పరిమితి దాటిన కోరిక వస్తే సర్వరు దోషాన్ని ప్రకటించి అనుసంధానాన్ని మూసివేస్తుంది. క్లయింటు ఇంకా రాస్తూనే ఉంటుంది కాబట్టి ఆ ప్రకటనను చదవక, సర్వరు వెళ్ళిపోయిందని మాత్రమే చెప్పడం కద్దు. తెలుగు సమాచారంతో పనిచేసేవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపిలోని ప్రతి సంకేతానికి 3 బైట్లు పడతాయి. "లక్ష్మి" అనే పేరు ఆంగ్ల లిపిలో 7 బైట్లయితే, తెలుగులో గుణింతపు గుర్తు, పొల్లులతో కలిపి 7 సంకేతాలు, 21 బైట్లు. అయినప్పటికీ వట్టి పాఠ్యంతో 64 మెగాబైట్లు దాటడం అరుదు. స్కాను చేసిన దస్తావేజులు, ఫోటోలు డేటాబేసులోకి ఎక్కించేటప్పుడే ఈ చిక్కు ఎక్కువగా వస్తుంది.

మూడవది సర్వరు కూలిపోవడం. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ప్రతి క్లయింటుకు ఒక ప్రత్యేక ప్రాసెసును కేటాయిస్తుంది. వాటిలో ఏ ఒక్కటి అసహజంగా చచ్చిపోయినా, అందరూ పంచుకునే మెమరీ చెడిపోయి ఉండవచ్చునన్న అనుమానంతో మాతృ ప్రాసెసు మిగిలినవాటినన్నిటినీ ఆపి తిరిగి మొదలుపెడుతుంది. అందువలన ఒకరు నడిపిన బరువైన క్వెరీకి సంబంధం లేని వందమంది అనుసంధానాలు ఒకే క్షణంలో తెగిపోతాయి. లినక్సులో మెమరీ చాలనప్పుడు ఒక ప్రాసెసును బలి ఇచ్చే ఓఓఎమ్ కిల్లర్ అనే ఏర్పాటు దీనికి తరచుగా కారణమవుతుంది. డేటాబేసు లాగులో ఒక ప్రాసెసు 9వ సిగ్నలుతో ముగిసినట్లు ఉంటే, అదే సమయానికి లినక్సు కెర్నెలు లాగులో ఓఓఎమ్ ప్రస్తావన ఉన్నదేమో వెదకాలి.

ఇవి గాక, నిర్వాహకుడు సర్వరును ఆపి మళ్ళీ మొదలుపెట్టడం, ఒక అనుసంధానాన్ని చేతితో చంపడం వంటివి కూడా ఉంటాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో వీటికి 57పీ01 అనే సంకేతం వస్తుంది. ఇతరుల ప్రాసెసు కూలడం వలన తెగితే 57పీ02. ఒరాకిల్‌లో ఓఆర్ఏ-03113, ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను విండోసునుండి వాడేవారికి 10054 అనే సంఖ్యలు ప్రసిద్ధమైనవి. కాని ఆ రెండూ తెగిందని మాత్రమే చెబుతాయి, ఎందుకు తెగిందో చెప్పవు.

క్లయింటు వైపు

క్లయింటు ప్రోగ్రాము పని ముగిశాక సెలవు తీసుకోకుండా నిష్క్రమిస్తే, సర్వరు దానిని తెగిపోయిన అనుసంధానంగానే లెక్కిస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో "అబార్టెడ్ క్లయింట్స్" అనే లెక్క పెరగడానికి ఇది చాలా మామూలు కారణం. ఆ లెక్క పెద్దదిగా ఉన్నంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. "అబార్టెడ్ కనెక్ట్స్" అనేది వేరు. అది లోపలికి రాలేకపోయినవారి సంఖ్య. తప్పు సంకేతపదం, అనుమతి లేకపోవడం, 10 సెకన్లలో పరిచయం పూర్తి కాకపోవడం వంటివి అందులోకి వస్తాయి. ఈ రెండు లెక్కలను కలిపి చూసి తప్పుదారి పట్టినవారు అనేకులు.

ఫలితాలను నెమ్మదిగా చదవడం కూడా ఒక దోషమే. క్లయింటు ఒక్కొక్క వరుసను తీసుకుని దానితో దీర్ఘమైన పని చేస్తూ ఉంటే సర్వరు రాయడానికి చోటు లేక ఆగిపోతుంది. మైఎస్‌క్యూఎల్‌లో అలా ఆగగలిగే వ్యవధి అప్రమేయంగా 60 సెకన్లు. ఆ తరువాత సర్వరే తెంచుతుంది. తప్పు క్లయింటుది, తెంచినది సర్వరు అన్నమాట.

కారణాన్ని పట్టుకోవడం

మొదటి పని కాలాన్ని కొలవడం. అనుసంధానం చివరిసారి ఎప్పుడు మాట్లాడింది, ఎప్పుడు తెగింది అన్న రెండు సమయాల తేడా చాలాసార్లు జవాబును నేరుగా చెబుతుంది. 28,800 సెకన్లకు చేరువగా ఉంటే మైఎస్‌క్యూఎల్ ఖాళీ గడువు, 350 అయితే నాట్, 240 అయితే లోడ్ బ్యాలెన్సరు, 60 లేదా 30 అయితే రాయడానికి, చదవడానికి ఉన్న గడువులు. ప్రతిసారీ ఒకే సంఖ్య వస్తున్నదంటే ఎక్కడో ఒక గడియారం కొలుస్తున్నదని అర్థం. సంఖ్యలు చెల్లాచెదురుగా ఉంటే సర్వరు కూలడం, తీగల లోపం, సెల్ సిగ్నలు వంటి వాటివైపు చూడాలి. జావాలో మైఎస్‌క్యూఎల్‌ను వాడేవారికి డ్రైవరు ఇచ్చే దోష సందేశంలోనే చివరి ప్యాకెట్టు ఎన్ని మిల్లీసెకన్ల కిందట అందిందో రాసి ఉంటుంది. దానిని చదవకుండా సందేశం మొదటి పంక్తితోనే ఆగడం పరిపాటి.

తరువాత రెండు వైపుల లాగులను పక్కపక్కన పెట్టి చదవాలి. ఇక్కడ ఒక ఉచ్చు ఉన్నది. మైఎస్‌క్యూఎల్ 5.7 నుండి దోష లాగులో అప్రమేయంగా ప్రపంచ ప్రామాణిక సమయం రాస్తుంది. మనదేశపు సమయం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు ఉంటుంది. అనువర్తన లాగులో ఉదయం 10:05కు జరిగినది సర్వరు లాగులో 4:35 వద్ద ఉంటుంది. ఇది గమనించక, సర్వరులో ఏమీ నమోదు కాలేదని తేల్చేసేవారున్నారు. పైగా 8.0 సంచికలో తెగిన అనుసంధానాల ప్రస్తావన లాగులోకి ఎక్కాలంటే లాగు వివరణ స్థాయిని 3కు పెంచాలి. అప్రమేయ స్థాయి 2 మాత్రమే.

సర్వరు ఎప్పుడు మొదలైందో చూడడం అన్నిటికన్నా తేలిక. పది నిమిషాల కిందటే మొదలైనట్లు ఉంటే అది కూలి లేచిందనో, ఎవరో ఆపి మొదలుపెట్టారనో స్పష్టం.

ఇవేవీ తేల్చనప్పుడు టీసీపీడంప్ వంటి పనిముట్టుతో ప్యాకెట్టులను పట్టి చూడవలసి ఉంటుంది. దీనిని ఒక్క కొసన మాత్రమే చేయడం వలన ప్రయోజనం తక్కువ. రెండు కొసలలోను ఒకేసారి పట్టినప్పుడు, ఫిన్ లేదా రీసెట్‌ను నిజంగా పంపినది ఎవరో కనబడుతుంది. సర్వరు వద్ద పట్టిన దానిలో క్లయింటు నుండి రీసెట్ వచ్చినట్లు, క్లయింటు వద్ద పట్టిన దానిలో సర్వరు నుండి రీసెట్ వచ్చినట్లు ఉండి, ఇద్దరిలో ఎవరూ పంపినట్లు లేకపోతే, మధ్యలోని పరికరం ఇద్దరి పేరుతోను అబద్ధం ఆడిందన్నమాట. నెట్‌వర్కు విభాగం, డేటాబేసు విభాగం వేర్వేరుగా ఉండే సంస్థలలో ఒకరిపై ఒకరు నెపం వేసుకునే వాదనలు ఈ సాక్ష్యంతో ముగుస్తాయి.

జరిగిందా, జరగలేదా

క్వెరీ మధ్యలో అనుసంధానం తెగితే, పూర్తికాని లావాదేవీని సర్వరు వెనక్కు తిప్పుతుంది. ఇందులో సందేహం లేదు. చిక్కంతా కమిట్ దగ్గర వస్తుంది. క్లయింటు కమిట్ అని పంపింది, జవాబు రాకుండానే అనుసంధానం తెగింది. కమిట్ కోరిక సర్వరును చేరకముందే తెగి ఉండవచ్చును. అప్పుడు ఏమీ జరగలేదు. లేదా సర్వరు కమిట్ చేసి, జవాబు పంపిన తరువాత తెగి ఉండవచ్చును. అప్పుడు అంతా జరిగిపోయింది. క్లయింటుకు రెండూ ఒకే విధంగా కనబడతాయి. నమ్మరాని దారిలో ఎన్ని ఉత్తరప్రత్యుత్తరాలు నడిపినా రెండు పక్షాలు ఒకే నిశ్చయానికి రాలేవన్న సంగతిని 1975లోనే ఒక పరిశోధనా పత్రం చూపింది. 1978లో జిమ్ గ్రే దీనికి ఇద్దరు సేనానుల సమస్య అన్న పేరు తెచ్చారు. ఎస్‌క్యూఎల్ దోష సంకేతాలలో 08తో మొదలయ్యేవి అనుసంధానానికి సంబంధించినవి. వాటిలో 08007కు "లావాదేవీ పర్యవసానం తెలియదు" అనే అర్థం ఉన్నది. ఈ అనిశ్చితి ఒక సంకేతం కేటాయించవలసినంత పాతది.

సామాన్యుల జీవితంలో ఇది ఇలా కనబడుతుంది: వేలిముద్ర పడింది, చీటీ రాలేదు. ఖాతాలో సొమ్ము తగ్గింది, ఏటీఎమ్ నుండి నోట్లు రాలేదు. జరగలేదనుకుని మళ్ళీ చేస్తే రెండుసార్లు నమోదు కావచ్చును. జరిగిందనుకుని ఊరుకుంటే ఆ నెల బియ్యమో, పింఛనో అందకపోవచ్చును. ఏటీఎమ్, మైక్రో ఏటీఎమ్‌లలో సొమ్ము తగ్గి నోట్లు రానప్పుడు, లావాదేవీ జరిగిన రోజు తరువాత 5 రోజులలోగా దానంతటదే ఖాతాకు తిరిగి జమ చేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున ఖాతాదారుకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఆదేశించింది. ఈ నియమం ఉన్నదంటేనే అనుసంధానాలు తెగడం తప్పదని, తెగినప్పుడు లెక్క సరిచూసే బాధ్యత మీట నొక్కినవారిది కాదని ఒప్పుకున్నట్లు.

కంప్యూటరు వైపు దీనికి మందు లేకపోలేదు. ప్రతి లావాదేవీకి క్లయింటే ముందుగా ఒక విశిష్ట సంఖ్యను ఇచ్చి, డేటాబేసు పట్టికలో ఆ సంఖ్య రెండవసారి చేరకుండా నిబంధన పెడితే, తెగినప్పుడు అదే సంఖ్యతో మళ్ళీ ప్రయత్నించవచ్చును. మొదటిది జరిగి ఉంటే రెండవది తిరస్కరింపబడుతుంది, లేకపోతే చేరుతుంది. రెండు విధాలా ఫలితం ఒకటే. తిరిగి ప్రయత్నించేటప్పుడు కొత్త సంఖ్య పుట్టించే ప్రోగ్రాములు ఈ రక్షణను తామే చెడగొట్టుకుంటాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 10వ సంచికలో, ఒక లావాదేవీ సంఖ్యను ఇచ్చి అది కమిట్ అయిందా అని తరువాత అడిగే సౌకర్యం వచ్చింది. ఒరాకిల్ 12సీలో ట్రాన్సాక్షన్ గార్డ్ పేరుతో ఇటువంటిదే ఉన్నది.

నివారణ

దారి పొడవునా ఉన్న గడువులను ఒక క్రమంలో అమర్చుకోవడం మొదటి జాగ్రత్త. అనువర్తన సర్వరు తన అనుసంధానాలను తానే విడిచిపెట్టే వ్యవధి, మధ్యనున్న పరికరాల గడువు కన్నా, డేటాబేసు గడువు కన్నా తక్కువగా ఉండాలి. అప్పుడు తెంచేది ఎల్లప్పుడూ అనువర్తనమే అవుతుంది, అదీ పని లేని సమయంలో. కీప్ అలైవ్ వ్యవధిని 7200 సెకన్ల నుండి రెండు మూడు నిమిషాలకు తగ్గిస్తే, దీర్ఘ నివేదికలను మధ్యవర్తులు మరచిపోకుండా ఉంటారు, పోయిన క్లయింటులూ త్వరగా బయటపడతారు. అనుసంధానాన్ని వాడబోయే ముందు ఒక చిన్న క్వెరీతో పరీక్షించడం ఉదయపు మొదటి వైఫల్యాన్ని తప్పిస్తుంది.

గడువులను విపరీతంగా పెంచడం మాత్రం మంచి చికిత్స కాదు. మైఎస్‌క్యూఎల్‌లో ఒకేసారి అనుమతించే అనుసంధానాల సంఖ్య అప్రమేయంగా 151. ఖాళీ గడువును రోజుల తరబడి పెంచితే, మృత అనుసంధానాలు ఆ స్థానాలను ఆక్రమించి, బతికి ఉన్నవారికి 1040 అనే దోషంతో తలుపు మూసుకుంటుంది.

తెగిన వెంటనే డ్రైవరు తనంతట తాను తిరిగి కలుపుకునే పద్ధతి కూడా పైకి కనబడినంత నిరపాయమైనది కాదు. కొత్త అనుసంధానంలో పాత లావాదేవీ ఉండదు, తాళాలు ఉండవు, తాత్కాలిక పట్టికలు ఉండవు. ఖాతానుండి సొమ్ము తీసే మొదటి ఆదేశం పాత అనుసంధానంతో పాటు వెనక్కు పోయి, ఇంకొక ఖాతాలో జమ చేసే రెండవ ఆదేశం కొత్త అనుసంధానంలో ఒంటరిగా నిలిచిపోయే ప్రమాదం ఉన్నది. అందువలననే మైఎస్‌క్యూఎల్ 5.0 నుండి ఈ పద్ధతిని అప్రమేయంగా ఆపివేశారు, 8.0.34 నుండి వాడవద్దని సూచిస్తున్నారు. తిరిగి ప్రయత్నించేటప్పుడు లావాదేవీని మొదటి ఆదేశం నుండి ప్రారంభించాలి. ప్రయత్నాల మధ్య ఎడం పెంచుకుంటూ పోవాలి. కూలి లేచిన సర్వరు మీదికి వేల క్లయింటులు ఒకే సెకనులో మళ్ళీ వచ్చి పడితే అది రెండవసారి కూలవచ్చును.